ఒక్క పోలె ఎవరు జేస్తరు?

రండ్రి బిడ్డా, ఇటు జరుగుండ్రి, నా మంచం పట్టె దగ్గర కూసోండ్రి. నా గొంతు ఎనకటి లెక్క ఆ అర్ర దాంక పోదు. చేతుల పనుంటే ఎంబడి తెచ్చుకోండ్రి, చిక్కుడుకాయ తుంపుకుంట గూడ ఇనొచ్చు. మొన్న మన చిన్న కోడలు పొద్దుగాల చాయ్‌ల ఒక్క బిస్కెటు ముంచుకొని తిని, ‘ఇగ ఇయ్యాల్టి నా డైటు ఖతం’ అని, పగటాల్లకు కడుపునిండ బిర్యానీ తిని, మాపటికి ఐస్‌క్రీమ్ తెప్పించుకున్నది. సోమవారం నుంచి మల్ల మొదలువెడ్తదంట. బిడ్డను నేనేమనలే. నాకొక మనిషి యాదికొచ్చిండు. ఆయన గూడ గిట్లనే వచ్చే వారం, వచ్చే వారం అనుకుంట నౌకరి పోగొట్టుకోబోయిండు. ఆయన ముచ్చట ఇయ్యాల చెప్త.

నేను కారియర్లు మోసినదాన్ని. గిదీ ఒక నౌకరేనా అంటరు మీరు. నౌకరే. ఉప్పల్ల, రామంతాపూర్ల ఇల్లిల్లు తిరిగి అన్నం కారియర్లు జమచేసుకొని, పెద్ద గంపల పేర్చి, నెత్తిన సుట్టబట్ట వెట్టి ఎత్తుకొని, హబ్సిగూడ మీదికెళ్లి నాచారం ఫ్యాక్టరీ దాంక నడిచేది. అప్పుడు ఉప్పల్ ఊరే. తొవ్వకు రెండు దిక్కుల చేన్లు, గుండ్లు, మధ్యమధ్యల కొత్తగ లేస్తున్న షెడ్లు. పగటి సైరను కూసేటాల్లకు గంప గేటు లోపట ఉండాలె. కూతకు ముందు పోతే వాచ్‌మెన్ నవ్వుతడు. కూత ఎనుక పోతే షెడ్డుకు షెడ్డే నా దిక్కు గుర్రుగ సూస్తది.

సదువు రాదు నాకు. కొందరు కారియర్ల మీద పేర్లు చెక్కిచ్చుకునేటోళ్లు, అయ్యి నాకు పిచ్చిగీతలే. పిడికి ఎర్రదారం ఉంటే వెల్డరుది, మూత సొట్టవోతే ఫిట్టరుది, ఇంగువ వాసనకు ముక్కు అదిరితే లెక్కలు రాసే గుమాస్తది. ఒక్కనాడు గూడ ఒకరి కూడు ఇంకొకరికి ఇయ్యలే. ఇంట్ల మొగుడు పెండ్లాలకు పంచాది అయితే గంప తేలికైతది. పండుగైతే మెడ ఇరుగుతది. ఇండ్ల ముచ్చట్లు నాకు ఎవరూ చెప్పేది లేకుండె, నెత్తే చెప్పేది.

గా గంపల అన్నిటికంటె బరువైంది క్రేను బావ కారియర్. బావ అంటే, ఆయన పెండ్లాం మా గల్లీ మనిషే, నాకు వరుసకు అక్క. ఆయనకు నేను మరదలు. ఫ్యాక్టరీల ఒక పెద్ద షెడ్డు ఉండె. దాని కప్పు కింద, రెండు గోడల నడుమ పట్టాల మీద క్రేను నడుస్తది. నడిపేటాయన ఇనుప నిచ్చెన ఎక్కి పైన ఒక డబ్బాల కూసుంటడు. కింద ఒకాయన ఇనుముకు గొలుసులు కట్టి, కొక్కెం తగిలిచ్చి, చేయి లేపుతడు. పైనాయన ఆ చేయి సూసి బరువు లేపుతడు. కిందాయన పానం పైనాయన చేతిల ఉంటదన్నట్టు. మా బావ పైనాయన. కిందాయన చాదర్‌ఘాట్ దిక్కు సాయెబు, బావకు పానదోస్తు.

పైన కూసునుడే పని, దిగంగనే తినుడు. మా అక్క చేయి మంచిది, పెట్టే చేయి గూడ పెద్దది. ఏండ్లు గడిచేటాల్లకు బావ మస్తు లావెక్కిండు. ఒకనాడు నిచ్చెన సగంల కండ్లు తిరిగి, కమ్మి పట్టుకొని అట్లనే నిలవడ్డడు. పైకి పోలేడు, కిందికి రాలేడు. సాయెబు ఎనుకకెళ్లి ఎక్కి, నడుము పట్టుకొని, ఒక్కొక్క కమ్మి దించిండు. ఫ్యాక్టరీ దవాఖానాల డాక్టర్ సారు బీపీ సూసిండు, తూకం మిషిని ఎక్కిచ్చిండు, ఇగ నిచ్చెన ముట్టొద్దన్నడు. పట్నంకెళ్లి పెద్ద డాక్టర్లు ఎండకాలం ముందు వస్తరంట. అప్పటికి ఒళ్లు తగ్గి, బీపీ దిగితే మల్ల క్రేను. లేకుంటే జిందగీ మొత్తం స్టోర్ల బోల్టులు, నట్లు అందిచ్చుడే.

స్టోరు గూడ మంచి నౌకరే అని వాచ్‌మెన్ అన్నడు. బావ ఆయన దిక్కు సూడనన్న సూడలే. నాతోని మాత్రం అన్నడు: “మరదలా, పైనకెళ్లి అందరి నెత్తులు కనవడ్తయి. ఎవరికి తొవ్వ ఇయ్యాల్నో, ఎవరిని ఆపాల్నో తెలుస్తది. కింద నాకేం తెలుస్తది, మంది ఈపులు తప్ప?”

సాయెబు బాధ ఇంకో తీరు. క్రేను మీదికి కొత్తాయన వచ్చిండు. ఆయన లేపితే గొలుసు గుంజుకపోతది. సాయెబు కొక్కెం తగిలిచ్చి ఎనుకకు ఉరికేటోడు. అన్నం తినేటప్పుడు గూడ పైకే సూసేటోడు.

సరే, డాక్టర్ సారు మంచాయన, కోస్తా దిక్కాయన. అంబర్‌పేట్ల కిరాయికుండి స్కూటర్ మీద వస్తుండె. ‘క్యాలరీలు తగ్గించాలయ్యా’ అని బావకు మెల్లగ చెప్పిండు. అన్నంల ఎంత సత్తువ, నెయ్యిల ఎంత సత్తువ, గా లెక్కను క్యాలరీలంటరట. బావ చెవుల అది ఎట్ల వడ్డదో ఏమో, ఇంటికొచ్చి పెండ్లాంతోని కారియర్ తగ్గియ్యమన్నడని చెప్పిండు. తెల్లారి నేను పోయేటాల్లకు నాలుగు గిన్నెల కారియర్ రెండు గిన్నెలైంది. అక్కా, కింది గిన్నె ఏదే అంటే, డాక్టర్ సారు హుకుం అన్నది. ఆమె కండ్లల్ల నీళ్లు. మొగనికి రెండు గిన్నెలు పంపుడంటే ఆమెకు కొంగు కప్పుకునేంత ఇజ్జత్ పోయినట్టు. మూత మీద బట్ట గట్టి ఇచ్చింది, ఎవరు లెక్కవెట్టకుంట.

సంగతి తెలిసినంక డాక్టర్ సారు కుర్చీల కూసొని కడుపు పట్టుకొని నవ్విండు. అయినా అట్లనే ఉండనియ్యుండ్రి అన్నడట. తప్పుగ ఇన్నా సగం పని అయింది గద.

కాని మిగిలిన సగం కాలే. తూకం మిషిని మీద ముల్లు జర దిగుతది, మల్ల ఎక్కుతది. డాక్టర్ సారుకు సమజ్ గాలే. అక్కకు అసలే సమజ్ గాలే. ఎందుకంటే వారంల కొన్ని దినాలు కారియర్ మూత తీయకుంటనే తిరిగొస్తుండె. అక్క అది సూసి మురిసేది. ‘సూడు చెల్లె, ఆ రెండు గిన్నెలు గూడ తింటలేడు, ఎంత పట్టుదల’ అని. నేను సుట్టబట్ట సదురుకుంట ఊకుండేదాన్ని. గేటు బయట మిర్చి బజ్జీల బండి కాడ బావ నిలవడి, చేతుల పొట్లం పట్టుకొని తినుడు నా కండ్లతోని నేను సూసిన. చెప్తే అక్క గుండె పలుగుతది. చెప్పకుంటే బావ నౌకరి పోతది. ఇండ్ల ముచ్చట ఇంట్లనే ఉండాలన్నది మా కారియర్లోళ్ల నీతి. ఒక ఇంటి కూర గురించి ఇంకో ఇంట్ల మాట్లాడితే తెల్లారి గంప ఖాళీ. కాని ఇది ఒకటే ఇల్లాయె.

నేను చెప్పకముందే తూకం మిషిని చెప్పింది. ఒకనాడు ముల్లు మొదటి దినం ఉన్న కాడికే మల్ల వచ్చి నిలవడ్డది. మిషిని ఖరాబైందని అక్క కొట్లాడెతందుకు నా ఎంబడి వచ్చింది. నేను కారియర్లన్ని పంచి, ఖాళీ గంపతోని దవాఖానా కాడికి పోయేటాల్లకు అక్క కుర్చీ అంచుకు కూసొని ఉన్నది, బావ గోడకు ఆనుకొని ఉన్నడు.

డాక్టర్ సారు తిట్టలే. మెల్లగ అడిగిండు, ఏం జరుగుతోందో చెప్పు, నేను ఎవరికీ రిపోర్టు రాయను అని.

బావ తల వంచుకొనే చెప్పిండు. ఎవరో పెండ్లి లడ్డు పంచుతరు. కాదనలేక ఒక్క ముక్క నోట్లేసుకుంటడు. “ఇగ పొద్దు చెడిపాయె గద సార్.”

“పొద్దు చెడిపోవడమేమిటయ్యా?” అన్నడు సారు. కోస్తాయన, ఆయనకు మా మాట తెల్వది.

మీకు తెలుసు గద బిడ్డా. శనారం ఒక్కపొద్దు ఉంటం. పగలు ఒక్కపూటే తినాలె, ఎంగిలి గావొద్దు. మర్చిపోయి ఒక్క పుట్నాల గింజ నోట్లేసుకున్నా ఆనాటి పొద్దు చెడ్డట్టే. చెడ్డంక ఇగ ఉండి ఏం లాభం, అందరి లెక్క తిని, వచ్చే శనారం మల్ల నియమం వడ్తం. బావ డాక్టర్ పథ్యం గూడ అట్లనే వట్టిండు. లడ్డు ముక్కతోని పథ్యం చెడ్డది. చెడ్డంక కారియర్ల ఉడకవెట్టిన కూర ఎందుకు తినాలె? మిర్చిలు తిందము, జిలేబి తిందము, వచ్చే శనారం నుంచి కొత్తగ మొదలువెడ్దము. శనారం వచ్చేలోపు ఎన్ని దినాలుంటయో అన్ని దినాలు తిన్నట్టు. మల్ల మొదలు వెట్టినప్పుడు తప్పు కడుక్కున్నట్టు ఒకటి రెండు పూటలు పస్తు. పస్తుతోని ఆకలి, ఆకలితోని మల్ల ముక్క.

అక్క ఇదంత సారుకు ఇడమరిచి చెప్పింది. చెప్పుకుంట చెప్పుకుంటనే, తిరిగొచ్చిన నిండు గిన్నెలు ఎందుకొచ్చినయో ఆమెకే తెలిసిపోయింది. మాట మధ్యల ఆగింది. మొగని దిక్కు సూసింది. నా దిక్కు గూడ సూసింది. నేను గంప దిక్కు సూసిన.

డాక్టర్ సారు నవ్వలే. పెన్ను పక్కకు వెట్టి అడిగిండు: “క్రేన్ మీద సరుకు కొంచెం ఊగిందనుకో. ఏం చేస్తావు?”

“ఆగుత సార్. ఊగు సల్లవడ్డంక మెల్లగ నడుపుత.”

“ఎలాగూ ఊగింది కదా అని గొలుసు వదిలేస్తావా?”

బావ మొదటిసారి తల ఎత్తిండు. “ఎట్ల ఇడుస్త సార్, కింద మనిషి ఉంటడు గద.”

“ఇక్కడా ఉన్నారుగా,” అన్నడు సారు. అక్క దిక్కు గాదు, కిటికిలకెళ్లి సాయెబు ఉండే షెడ్డు దిక్కు సూసిండు. ఒక ముద్ద ఎక్కువైతే ఒక్క ముద్దే ఎక్కువైనట్టు, దాని మొఖం సూసి దినమంత పారబోయొద్దు, తెల్లారి పస్తులుండొద్దు, మామూలు గిన్నె మామూలుగనే తినాలె అని చెప్పిండు. పథ్యమంటే దేవునికి మొక్కు గాదు, చెడెతందుకు అన్నడు. తర్వాత అక్కను అడిగిండు, ఈయనకు అన్నిటికంటె ఇష్టమేందని.

“పోలెలు సార్,” అన్నది అక్క. సారు దిక్కోళ్లు బొబ్బట్లంటరు వాటినే.

ఆయన కాయితం మీద ఏదో లెక్కేసిండు. ఒక్క పోలె, పైన ఒక చెంచెడు నెయ్యి, ఇంచుమించు బావ పగటి అన్నం గిన్నెతోని సమానమన్నడు. ఆదివారం పగటిపూట ఒక్క పోలె తినాలె. ఆ పూట అన్నం లేదు. పప్పు, కూర, మజ్జిగ ఉంటయి. దొంగతనంగ గాదు, పీట మీద కూసొని, ఇంటోళ్ల ముంగట తినాలె. అది గూడ పథ్యంలదే, నేనే రాసిచ్చిన అన్నడు.

బావ మొఖం ఎలిగింది. అక్క మొఖం మాత్రం ఎలగలే.

“సారూ, ఒక్క పోలె ఎవరు జేస్తరు?” అన్నది. “పప్పు నానవెట్టి, ఉడకవెట్టి, బెల్లమేసి నూరి, పొయ్యి రగిలిచ్చి ఒక్కటి ఒత్తుతమా? ఊరోళ్లు నవ్వరా?”

“మరి మిగిలినవి ఏం చేస్తారమ్మా?”

“మిగిలినయే గద సార్ ఈయన తినేటియి.”

తర్వాత సారే నా గంప సూసిండు. ఆదివారం ఈ గంపకు సెలవేనా అమ్మా అని అడిగిండు. గంపకు సెలవే గని నాకు సెలవేడిది సార్ అన్న. అట్లయితే ఆయన పీట మీద కూసోక ముందే మిగిలిన పోలెలన్ని ఇల్లు దాటాలె, ఆ పని నీది అన్నడు. నా జిందగీల డాక్టర్ నాకు రాసిచ్చిన మందు అదొక్కటే.

మొదటి ఆదివారం నెయ్యి వాసనతోని గల్లీ గల్లీ ఎంబడివడ్డది. ఇంటింటికి గిన్నెల పోలెలు ఇచ్చొచ్చిన. బావ ఒక్కటే తిన్నడు, ఎంతసేపు తిన్నడంటే మజ్జిగ దాంక వచ్చేటాల్లకు ఎండ గడప దిగింది. అంత మంచిగనే ఉన్నది. సోమవారం గిన్నెలు తిరిగొచ్చినయి సూడు. మనదిక్కు ఖాళీ గిన్నె తిరిగియ్యరు గద. ఒకరి గిన్నెల గారెలు, ఒకరి గిన్నెల సకినాలు, ఒకామె మలీద ముద్దలు. పంపిన దానికంటె ఇంట్లకొచ్చింది ఎక్కువ. అక్క నెత్తి కొట్టుకున్నది. బావ గిన్నెల దిక్కు సూసుకుంట, ‘ఇయి డాక్టర్ సారు రాసినయేనా మరదలా’ అన్నడు.

“ఇయి వాచ్‌మెన్‌కు రాసినయి బావా,” అన్న, అన్ని మల్ల గంపలకు సదురుకున్న. వాచ్‌మెన్ ఆ వారమంత నేను ఆలస్యమైనా నవ్విండు.

అటెంక నేనే ఇంటింటికి చెప్పిన. అక్క గిన్నెల ఏమన్న పెట్టి ఇయ్యాలంటే తోటకూర పెట్టుండ్రి, సొరకాయ ముక్క పెట్టుండ్రి, ఏం లేకుంటే కరివేపాకు రెమ్మ పెట్టుండ్రి, గిన్నె ఖాళీ గాకుంటే సాలు అని. అట్ల ఆదివారం పోలెలు పోయినయి, సోమవారం కూరలు వచ్చినయి. ఆ కూరలే బావ కారియర్ల పడ్డయి. ఫ్యాక్టరీల మాత్రం మందికి ఎకసెక్కాలే. ‘పోలెల రోగి’ అని పేరువెట్టిన్రు. చాయ్‌లకు చక్కెర అడిగితే, నీ చీటీ ఏదిరా అనేటోళ్లు. బావ గూడ తక్కువోడు గాదు. ‘నీకు గూడ రాసియ్యమంట సారును, గని నీకు చేసిపెట్టెటోళ్లు ఉన్నరా’ అనేటోడు.

ముల్లు దిగుడు మొదలైంది. తేలిగ్గ గాదు. ఒక వారం దిగలే, ఒక వారం సావు దినాలకు పోయి జర ఎక్కువ తిని వచ్చిండు. కాని కారియర్ నిండుగ తిరిగొచ్చుడు మాత్రం బందయింది.

పెద్ద డాక్టర్లు రెండు దినాలల్ల వస్తరనంగ, సాయెబు పెద్ద బిడ్డకు పెండ్లి కుదిరింది. ఇంట్ల చేసిన డబల్ కా మీఠా, గదే బ్రెడ్డు మిఠాయి, పెద్ద డబ్బల తెచ్చిండు. అంతకుముందు బావకు ఏదన్న తినవెట్టుడంటే సాయెబుకు ఇష్టం. బావ పొద్దు ఎక్కువ సార్లు చెడ్డది ఆయన ప్రేమతోనే. ఆ సంగతి తెలిసినంక ఆయనే దూరం నిలవడేటోడు. ఆనాడు మాత్రం నిలవడలేకపోయిండు.

“అందరికంటె ముంగట నీకే తీసిపెట్టిన భాయ్,” అన్నడు. “తినకున్నా నాకు గుస్స లేదు. బిడ్డది గద, దిల్ ఊకుంటలేదు.”

నేను షెడ్డు తలుపు కాడ నిలవడి ఉన్న. బావ ఆ గిన్నె దిక్కు సూసిండు, దోస్తు దిక్కు సూసిండు. తినకుంటే దోస్తు మొఖం చిన్నవోతది. తిన్నంక ఇగ చెడ్డది అనుకుంటే ఈ రెండు దినాలు మిర్చిల బండే. బావ తన కారియర్ ఇప్పి అన్నం గిన్నె పక్కకు తీసి నా చేతికిచ్చిండు.

“మరదలా, ఇది మల్ల గంపల వెట్టు. ఇయ్యాల నా అన్నం నా దోస్తు పెట్టిండు.”

కూసొని మెల్లగ తిన్నడు. కోవ బాగున్నదన్నడు, బిడ్డ పేరు పలికి దీవించిండు. సాయెబు మల్ల గంటె ఎత్తితే చేయి అడ్డం పెట్టిండు. “బస్ భాయ్. ఇంక తింటే నోటికి తెల్వది, ఒంటికే తెలుస్తది.” ఆ తర్వాత కూర తిన్నడు, మజ్జిగ తాగిండు, చేయి కడుక్కున్నడు. పొద్దు గురించి ఒక్క మాట అనలే.

సాయంత్రం అన్నం గిన్నె నిండుగ సూసి అక్క మల్ల మిర్చిల బండే అనుకున్నది. నేను సంగతి చెప్పిన. అక్క తెల్లారి ఎప్పటి లెక్కనే, అంతే అన్నం పెట్టి ఇచ్చింది. తక్కువ పెట్టలే, పస్తు పెట్టలే.

పెద్ద డాక్టర్లు వచ్చిననాడు అక్క గూడ నా ఎంబడి నాచారం వచ్చింది. పెద్ద డాక్టర్లు ఉన్నరని ఆనాడు ఇంటోళ్లను గేటు లోపటికి రానియ్యలే, నాకొక్కదానికే షెడ్డు తలుపు దాంక హక్కు. ఆమె గేటు బయట ఎండలనే నిలవడ్డది. లోపట పెద్దాయన తూకం సూసి పెదవి ఇరిచిండు, ఇంకా దిగాల్సింది ఉన్నదన్నడు. మా డాక్టర్ సారు బీపీ కాయితాలు ముంగటవెట్టి, ఎంత దిగిందో గూడ సూడండి అన్నడు. మాట మీద మాట నడిచింది. ఆఖరికి పెద్దాయన, ఎక్కి సూపియ్యమనుండ్రి, ఆగకుంట ఎక్కితే సంతకం వెడ్త అన్నడు.

షెడ్డుల మిషినులు ఆపిన్రు. బావ చెప్పులు ఇడిసి నిచ్చెన కమ్మి పట్టుకున్నడు. ఆయనకు ఒకసారి కండ్లు తిరిగిన కాడికి వచ్చేటాల్లకు సాయెబు రెండు చేతులు ముంగటికి చాపిండు, పైనకెళ్లి పడితే పట్టుకుంటనన్నట్టు. బావ అక్కడ ఆగలే. పైన డబ్బ తలుపు సప్పుడైంది. పెద్దాయన జేబులకెళ్లి పెన్ను తీసిండు.

అక్కకు చెప్పాలని నేను గంప అక్కడనే ఇడిసి గేటుకు ఉరికిన. క్రేను కదిలేముందు గంట కొడ్తరు, కిందోళ్లు తప్పుకోవాలని. నేను సగం తొవ్వల ఉండంగనే గంట ఇనవడ్డది. కొత్తాయన కొడితే ఆగకుంట కొట్టేటోడు. ఇది గట్ల గాదు, బావ చేయి. ఒకటి కొట్టి, ఆగి, మల్ల మెల్లగ ఇంకోటి.

నేను గేటు కాడికి పోయేటాల్లకు అక్క మట్టిల కూలవడి ఉన్నది. కొంగు మొఖం మీద ఉన్నది. భయపడి దగ్గరికి పోయిన.

“చెప్పకు చెల్లె,” అన్నది. “గంట ఇంటున్న.”

పోండ్రి బిడ్డా ఇగ, కాయ తుంపుడైంది, పొయ్యి ఎలిగియ్యుండ్రి. మీ ఇండ్లల్ల తీపి ఎన్నడు తక్కువ గావొద్దు, దాన్ని పంచుకునెతందుకు ఇరుగుపొరుగు ఎన్నడు తక్కువ గావొద్దు. మీ గిన్నె ఎవరింటికి పోయినా ఖాళీగ తిరిగి రావొద్దు. మీ ఇంటి మనుషులు ఎంత ఎత్తుకు ఎక్కినా, పొద్దుగూకేటాల్లకు సల్లగ దిగి మీ గడపల కాలువెట్టాలె.